నాయనను విమానంలో ఎట్లా తీసుకుపోవాలి?

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. మా నాయన ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు. 74 ఏళ్లు. మూడేళ్ల కిందట అల్జీమర్స్ అన్నారు. మనిషి గట్టిగానే ఉన్నారు, బాగా నడుస్తారు. సాయంత్రమైతే మాత్రం "డ్యూటీకి టైమయింది, నా బ్యాగ్ యాడ?" అని ఒకటే తిరుగుడు. వచ్చే నెల ఢిల్లీలో తమ్ముడి గృహప్రవేశం. బెంగళూరు నుంచి విమానం. నేనొక్కదాన్నే తీసుకుపోవాలి. నిద్రమాత్ర వేసి కూర్చోబెట్టమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక కూతురు

జవాబు: చెల్లీ, ముందు ఆ మాత్ర సంగతి. నీ అంతట నువ్వు వేయొద్దు. ఈ జబ్బు ఉన్నవాళ్లకు మత్తుమందు ఒక్కోసారి నిద్ర తేకపోగా తికమక పెంచుతుంది. ఆ మత్తులో లేచి నడిస్తే పడిపోతారు. నాయనను చూసే డాక్టరే ఏదైనా రాసిస్తే, అది పడుతుందో లేదో ముందుగా ఇంట్లోనే చూసుకో.

నీకు విమానం భయం. నాకు సెక్యూరిటీ చెక్ భయం. మా మామగారికీ ఇదే జబ్బు. ఆయనను నేనూ ఇట్లే ఒక్కదాన్నే తీసుకుపోయాను. అక్కడ మగవాళ్ల వరుస వేరు, ఆడవాళ్లకు తెర చాటున తనిఖీ. బూట్లు విప్పండి, బెల్టు తీయండి, వరుసలో రండి అనేసరికి ఆయన తిరుమల క్యూ అనుకున్నారు. నేను తెర వెనక నుంచి బయటికొచ్చేసరికి మనిషి లేరు. నాలుగు నిమిషాలకు ఒక షాపు ముందు కనిపించారు. మేజోళ్లతో నిలబడి, జారిపోతున్న ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేయి నుదుటికి ఆనించి "గోవిందా" అంటున్నారు. ఆ నాలుగు నిమిషాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

అందుకే, బాగా నడిచినా సరే, విమాన సంస్థను అడిగి వీల్‌చైర్ తీసుకో. అది కాళ్ల కోసం కాదు, దాన్ని తోసే మనిషి కోసం. నువ్వు తెర వెనక ఉన్నప్పుడు నాయన పక్కనే ఉండమని అతనికి ముందే చెప్పు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందే తెలియజేయి. కాళ్లు బాగున్నాయి కదా అని అడిగేవాళ్లుంటారు, డాక్టర్ చీటీ దగ్గరుంచుకో. బెంగళూరు ఎయిర్‌పోర్టులో పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న, మెడలో వేసుకునే ఆకుపచ్చ పట్టీ (ల్యాన్యార్డ్) ఇస్తారు, అడిగి తీసుకో. పైకి కనపడని ఇబ్బంది ఉన్న మనిషని సిబ్బందికి అది చూస్తే తెలుస్తుంది.

బెల్టు వద్దు, నాడా ప్యాంటు వేయించు. ఆ పొద్దున అవే బట్టల్లో ఒక ఫొటో తీసిపెట్టుకో. జేబులో నీ నంబరు రాసిన కాగితం పెట్టు. మందులు చేతిసంచిలోనే. టాయిలెట్‌కు వికలాంగుల గదికి తీసుకుపో, ఇద్దరూ లోపలికి పోవచ్చు.

నాయనకు సాయంత్రం గాభరా కదా, అందుకని పగటి ఫ్లైటే, అదీ ఎక్కడా మారనవసరం లేనిదే చూడు. అనంతపురం నుంచి పోతే ఎయిర్‌పోర్టు ఊరికి ఇవతలే, దేవనహళ్లిలో, కాబట్టి బెంగళూరు ట్రాఫిక్ బాధ లేదు. తెల్లవారుజామున కారెక్కితే మధ్యాహ్నం దాటేసరికి ఢిల్లీలో ఉంటారు. కిటికీ సీటు ఆయనకు, పక్కది నీకు. నిన్ను దాటకుండా లేవలేరు.

గాల్లో ఉండగా "పెనుకొండ దాటినామా?" అంటే ఇది విమానం నాయనా అని వాదించకు. "ఇంకా లేదు, వస్తే నేను చెప్తా" అను. లేచి టికెట్ టికెట్ అన్నారనుకో, చెయ్యి పట్టి లాగొద్దు. నీ బోర్డింగ్ పాస్ చేతికివ్వు. చూసి వెనక్కి ఇస్తారు.