ఆయన మాట వినడం నాకిష్టం, అయితే ఏటీఎం కార్డు కూడా ఇచ్చేయాలా?

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. బ్యాంకులో ఆఫీసర్‌ని. పొద్దంతా అందరికీ పని చెప్పి, ఇంటికొచ్చాక మా ఆయన చెప్పినట్టు నడుచుకోవడం నాకు హాయిగా ఉంటుంది. కట్టుకునే చీర దగ్గర్నుంచి పడకగది దాకా ఆయన మాటే. ఆన్‌లైన్ టెస్ట్‌లో నాకు ‘సబ్మిసివ్’ (మాట వినే మనిషి), ఆయనకు ‘డామినెంట్’ (మాట చెప్పే మనిషి) అని వచ్చింది. అప్పట్నుంచి నా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంది. సద్దుల బతుకమ్మకు పరకాలలో అమ్మవాళ్లింటికి వెళ్తానంటే, ‘నువ్వు సబ్మిసివ్ కదా, నేను వద్దంటే వద్దు’ అన్నారు. లోపం నాలోనే ఉందా?

జవాబు: లేదు చెల్లీ. ఇద్దరికీ ఇష్టమై, ఎవరికీ హాని లేకుండా ఉంటే అలాంటి కోరిక దానంతటదే జబ్బు కాదు. 2013లో వచ్చిన మానసిక వైద్యుల గ్రంథం డీఎస్ఎమ్-5 కూడా కోరికకు, జబ్బుకు మధ్య ఈ తేడా చూపింది. మగవాళ్లూ ఇదే దిగులుతో నా దగ్గరికి వస్తారు. భార్య నిర్ణయాలు తీసుకుంటే ప్రాణానికి సుఖంగా ఉంటుందని, కానీ ‘పెండ్లాం కొంగు పట్టుకొని తిరుగుతడు’ అంటారని కాజీపేట నుంచి వచ్చిన ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నువ్వు ఇచ్చింది చీర, పడకగది. కార్డు, పుట్టింటి దారి ఇవ్వలేదు. ఇష్టపడి ఇచ్చినదాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇలాంటి బంధాన్ని తెలిసి నడుపుకునే జంటలు ఏది సరే, ఏది కాదో ముందే మాట్లాడుకుంటారు. ఆపమని చెప్పడానికి ‘సేఫ్ వర్డ్’ పెట్టుకుంటారు. ఆ మాట వినగానే డామినెంట్ ఆగిపోవాలి. ఆగనివాడికి ఆ పేరు పెట్టుకునే హక్కు లేదని నేను గట్టిగా నమ్ముతాను. నాలుగు ప్రశ్నలడిగి మనిషికి పేరు పెట్టే టెస్టుల మీద నాకు గౌరవం లేదు. రోజును బట్టి పాత్రలు మార్చుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్లను ‘స్విచ్’ అంటారు.

ఆయన ప్రశాంతంగా ఉన్నప్పుడు చెప్పు: ‘మన ఏకాంతంలో మీ మాట నాకిష్టం. జీతం, అమ్మ, ఉద్యోగం మాత్రం నావి. కార్డు ఇవ్వండి.’ ప్రేమతో పాత్ర పోషించేవాడైతే నొచ్చుకున్నా ఇస్తాడు. కోపం, బెదిరింపు, మౌనం మొదలైతే అది వేరే సంగతి. భార్య డబ్బును ఆమెకు అందకుండా చేయడం 2005 గృహహింస చట్టం కింద ఆర్థిక హింస కిందికి రావచ్చు. కార్డు ఇవ్వనంటే బ్యాంకులో దాన్ని బ్లాక్ చేయించి కొత్తది తీసుకో, పిన్ ఎవరికీ చెప్పకు. చెయ్యెత్తితే ఆలోచించకుండా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి, రాత్రయినా పలుకుతారు.