క్రొయేషియా గాజు చిత్రం కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: "బుడాపెస్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. క్రొయేషియా పల్లెటూరి చిత్రకారులు గాజు మీద వేసిన ఆయిల్ పెయింటింగ్స్ అంటే ఇష్టం ఏర్పడింది. ఆన్‌లైన్‌లో ఒకాయన 'గెనెరాలిచ్' సంతకం ఉన్న చిత్రం 900 యూరోలకు ఇస్తానంటున్నాడు. కొనొచ్చా? వీటిని సేకరించడం ఎలా మొదలుపెట్టాలి?"

ముందు ఆ 900 యూరోల సంగతి చెప్తాను. తొందరపడి డబ్బు పంపకండి.

గెనెరాలిచ్ అన్న సంతకం ఒక్కటీ చూస్తే ఏమీ తెలియదు. ఈ గాజు చిత్రాలకి పేరుపడ్డ క్రొయేషియా ఊరు హ్లెబినెలో ఆ ఇంటిపేరుతో బొమ్మలు వేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. లోకమంతా ఎరిగిన పేరు ఇవాన్ గెనెరాలిచ్ (1914–1992). ఆయన తమ్ముడు మాతో గెనెరాలిచ్, కొడుకు యోసిప్, అదే కుటుంబంలో మిలన్, వీళ్ళంతా సొంత పేర్లతో పనిచేసిన కళాకారులే. వాళ్ళ చిత్రం కొనడంలో తప్పేం లేదు. కానీ అమ్మేవాడు ఇంటిపేరు మాత్రం పెద్దక్షరాల్లో వేసి, అసలు పేరు ఎక్కడా చెప్పలేదంటే అక్కడే ఆగిపోవాలి. ఇవాన్ గారి మంచి గాజు చిత్రం ఆ ధరకి దొరకడం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

నేను ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కణ్ణుంచి హ్లెబినెకి కారులో రెండున్నర గంటలు. నా దగ్గర ఉన్నవి ఆరే ఆరు చిత్రాలు, అందులో ఒకటి దెబ్బతింది. దాని గురించి కింద చెప్తాను. నేను పెద్ద కలెక్టర్ని కాదు కానీ ఈ చిత్రాల వెనకవైపులు మాత్రం చాలా చూశాను. మీకు చెప్పాలనుకున్నది కూడా దాని గురించే.

బందరులో మా అమ్మమ్మగారి దేవుడి గదిలో గాజు మీద వేసిన శ్రీరామ పట్టాభిషేకం పటం ఒకటి ఉండేది. తాతయ్య తంజావూరు వెళ్ళినప్పుడు తెచ్చారట. ఒక సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయిస్తూ పటాలన్నీ దించారు. ఆ పటం వెనక అట్ట ఊడి ఉంటే నేను తొంగి చూశాను. ముందు నుంచి సీతమ్మవారి ముక్కుపుడక దాకా కనిపించే పటం, వెనక నుంచి చూస్తే ముఖాలే లేవు. ఎర్రమరక, పచ్చమరక, మధ్యలో అక్కడక్కడా రేకులా ఏదో మెరుపు. "దేవుళ్ళు ఎటు పోయారు అమ్మమ్మా" అని అడిగితే, "లోపల ఉన్నారే, నువ్వు వాళ్ళ వీపు వైపు చూస్తున్నావు" అంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత హ్లెబినెలో ఒక పెద్దాయన తన బొమ్మ తిప్పి చూపించేసరికి అదే వీపు కనిపించింది. అక్కడ నాకు భాష రాదు. అయినా ఆ గాజు పలక ఏం చెప్తోందో వెంటనే అర్థమైంది.

ఈ పని ఎలా చేస్తారో తెలియకుండా కొంటే మోసపోతారు, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మామూలు కాన్వాసు మీద ముందు ఆకాశం, నేల వేసుకుని, వాటి మీద మనుషుల్ని వేసి, చివర్న కంట్లో మెరుపు పెడతాం. గాజు మీద ఇదంతా తలకిందులు. గాజు వెనకవైపు వేసి ముందు నుంచి చూస్తాం కాబట్టి, మన కంటికి అన్నిటికంటే దగ్గరగా ఉండాల్సింది మొట్టమొదట వేయాలి. సంతకం ముందు, అదీ అద్దంలో అక్షరాల్లా తిరగేసి. ఆ తర్వాత కంటిలో చుక్క, కొమ్మ మీద మంచు అంచు, తలగుడ్డ మీద పువ్వు. అది ఆరాక ముఖం రంగు, బట్ట, చెట్టు మాను. చిట్టచివర ఆకాశం. గాజు కింద పెట్టుకున్న స్కెచ్చు కూడా కుడి ఎడమలు తారుమారుగా ఉండాలి. ఒక పొర ఆరకుండా మరోటి వేస్తే కిందిది చెదిరిపోతుంది, ఆరాక దిద్దుదామంటే దారి లేదు. ముక్కు వంకర పోయిందనుకోండి, దాని మీద మళ్ళీ వేసినా ముందు నుంచి ఆ పాత వంకరే కనిపిస్తుంది. గీకి తీసేయడమొక్కటే మార్గం.

ఆ పెద్దాయన ఆ రోజు ఆకుల్లేని చెట్టు వేస్తున్నాడు. మూడు నాలుగు వెంట్రుకలున్న కుంచె. కొసకొమ్మల దగ్గర మొదలుపెట్టి లోపలికి, మాను వైపు వస్తున్నాడు. ప్రతి రెమ్మ పైఅంచునా ముందే తెల్లటి గీత పెట్టి ఉంది, అది మంచు. దాని వెనక గోధుమరంగు. పదిహేను నిమిషాల్లో నా అరచేతిలో సగం మేర కొమ్మలు పూర్తి చేశాడు. ఒక్కసారి కూడా పలక ఎత్తి ముందువైపు చూసుకోలేదు. నేను చూస్తుండగా ఎందుకు తిప్పలేదని, జర్మన్ వచ్చిన ఆయన మనవరాలి చేత అడిగిస్తే, "నాకు తెలుసుగా అక్కడ ఏముందో" అన్నాడు. అక్కడ కొన్నదే నా మొదటి చిత్రం, 180 యూరోలు. మంచులో కట్టెల మోపుతో వెళ్తున్న ముసలమ్మ, ఎర్ర తలగుడ్డ, వెనకే రెండు బాతులు.

ఈ పద్ధతి హ్లెబినెలో పుట్టింది కాదు. మధ్య యూరప్ పల్లెల్లో గాజు మీద సాధువుల బొమ్మలు వేసి ఇంట్లో పెట్టుకోవడం చాలా పాత అలవాటు. మా ఆస్ట్రియాలోనే జాండ్ల్ అనే ఊరు అందుకు పేరుపడింది. హ్లెబినెలో జరిగింది వేరు. క్ర్‌స్తో హెగెదుషిచ్ (1901–1975) జాగ్రెబ్‌లో చదువుకున్న చిత్రకారుడు, చిన్నతనంలో కొంతకాలం ఈ ఊళ్ళో పెరిగాడు. 1930లో పదిహేనేళ్ళ ఇవాన్ గీసిన బొమ్మలు చూసి చేరదీశాడు, గాజు మీద వేయడం నేర్పాడు. 1931లో జాగ్రెబ్‌లో 'జెమ్ల్యా' బృందం ప్రదర్శనలో ఇవాన్, ఫ్రాన్యో మ్రాజ్ అనే ఇద్దరు రైతుబిడ్డల బొమ్మలు పెట్టారు. జెమ్ల్యా అంటే నేల, మట్టి. పేదల పక్షం మాట్లాడిన బృందం అది, 1935లో పోలీసులు నిషేధించారు.

అందుకే తొలినాటి హ్లెబినె చిత్రాల్లో రంగుల పండగ కనిపించదు. బాకీ కింద రైతు సొత్తు జప్తు చేయడం, శవయాత్రలు, బిచ్చగాళ్ళు ఉంటాయి. మిర్కో విరియుస్ (1889–1943) అనే రైతు కొద్ది ఏళ్ళు మాత్రమే బొమ్మలు వేసి, యుద్ధకాలంలో నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. 1959లో ఇవాన్ ఆ స్నేహితుడి మరణం మీద ఒక చిత్రం వేశాడు. అదే ఏడాది వేసిన 'జింకల పెళ్ళి' చిత్రం వేరే లోకం, అడవిలో కలలాంటి వెలుగు. ఈ రెండూ ఒకే చెయ్యి ఒకే సంవత్సరంలో వేసినవని తెలిశాక నాకు ఈ చిత్రకళ మీద గౌరవం పెరిగింది. కళాశిక్షణ లేనివాళ్ళ ఇలాంటి చిత్రాల్ని ఇంగ్లీషులో 'నైవ్ ఆర్ట్' అంటారు. దాన్ని "అమాయక కళ" అని అనువాదం చేసి ముద్దుగా మాట్లాడేవాళ్ళంటే నాకు కోపం. చదువుకోలేదు కాబట్టి లోకం తెలియదనుకోవడం పొరపాటు.

1953లో పారిస్‌లో ఇవాన్ ప్రదర్శన జరిగింది, ఆ తర్వాత పేరు దేశాలు దాటింది. అరవైలు, డెబ్బైల్లో గిరాకీ ఎంత పెరిగిందంటే, చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది కుంచె పట్టారు. మార్కెట్లో మీకు తగిలేవి చాలావరకు ఆ కాలంవే. వాటిల్లో అద్భుతమైనవీ ఉన్నాయి, అవే కోళ్ళు అవే మంచు గుడిసెలు వందసార్లు వేసినవీ ఉన్నాయి. తేడా తెలియాలంటే కొనకముందు చూడాలి. జాగ్రెబ్ ఎగువ పట్టణంలో క్రొయేషియన్ నైవ్ ఆర్ట్ మ్యూజియం ఉంది, 1952లో రైతుల చిత్రాల గ్యాలరీగా మొదలైంది. 'జింకల పెళ్ళి' అక్కడిదే. ఇవాన్ వెచెనాయ్ 1966లో వేసిన, సువార్తికులు కల్వరి కొండ మీద నిలబడ్డ చిత్రం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. 2020 మార్చి భూకంపంలో ఆ పేటలో భవనాలు బాగా దెబ్బతిన్నాయి కాబట్టి తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. హ్లెబినెలో 1968 నుంచి గ్యాలరీ ఉంది. కోప్రివ్నిత్సా దాకా రైల్లో వెళ్తే అక్కణ్ణుంచి దగ్గరే, మీ హంగరీ సరిహద్దు కూడా పక్కనే.

మియో కొవాచిచ్, ద్రాగన్ గాజి, మార్టిన్ మెహ్కెక్, ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి. ఇవాన్ రాబుజిన్ (1921–2008) పేరు కూడా వినిపిస్తుంది, కానీ వడ్రంగం చేసిన ఆయన కాన్వాసు మీద వేశాడు, హ్లెబినె తరహా కాదు. బడ్జెట్ తక్కువైతే పెద్ద చిత్రకారుల సంతకం, సంఖ్య ఉన్న సెరిగ్రాఫులు దొరుకుతాయి. అవి కాగితం మీద అచ్చు అని ఒప్పుకుని అమ్మేవి, నిజాయితీ సరుకు. నా సలహా అడిగితే మాత్రం, పెద్దపేరు కోసం చూడకుండా అంతగా పేరులేని చేతి నుంచి ఒక మంచి గాజు చిత్రం కొనండి.

ఇప్పుడు అసలు నకిలీల మాట. గాజు కింద కాగితం అచ్చు పెట్టి ఫ్రేము కట్టి అమ్మేవి చాలా తిరుగుతున్నాయి. పక్క నుంచి వాలుగా చూడండి. నిజమైన దాంట్లో రంగు గాజుకి అతుక్కునే ఉంటుంది, మధ్యలో సందు ఉండదు, నీడ పడదు. భూతద్దంలో చూస్తే అచ్చు అయితే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఆ తర్వాత వెనక అట్ట తీయించండి. అమ్మేవాడు నొచ్చుకున్నా సరే తీయించండి. వెనక కుంచె జాడలు, ఎత్తుపల్లాలు, ఆకాశం రంగు దాదాపు అంతా కప్పేసి ఉండటం, అక్కడక్కడా పొరలు మాత్రమే ఒకదాని అంచున ఒకటి తొంగి చూడటం కనిపించాలి. వెనక కూడా ముఖం, కళ్ళు చక్కగా పూర్తిచేసినట్టు కనిపిస్తే నేను కొనను. సంతకం గాజుకి అతుక్కున్న మొదటి పొరలో ఉందో, తర్వాత ఎక్కడో ఖాళీలో ఇరికించారో కూడా చూడండి. ఇవాన్ స్థాయి పేరు చెప్తుంటే మాత్రం ఇంటి పరీక్షలు చాలవు, జాగ్రెబ్ మ్యూజియంలాంటి చోట నిపుణుల్ని అడగకుండా ముందుకు వెళ్ళకండి. పాతదీ ఖరీదైనదీ క్రొయేషియా దాటించాలంటే అనుమతి కాగితం కావాల్సి రావచ్చు, అది రాతపూర్వకంగా అమ్మేవాణ్ణే అడగండి.

దెబ్బతిన్నదని చెప్పానే, అది నా మూడో చిత్రం, ద్రాక్ష కోతలు. ఒక పాత సామాన్ల దుకాణంలో కొని, హాల్లో గోడ బాగుందని హీటర్ పైన తగిలించాను. రెండు చలికాలాలు గడిచాయి. ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే ఫ్రేము కింది అంచులో నీలిరంగు పొట్టు కనిపించింది. విప్పి చూస్తే ఆకాశం పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. వేడికి గాజూ రంగు పొరా ఒకేలా వ్యాకోచించవు, పదేపదే వేడెక్కి చల్లారితే పట్టు వదిలేస్తుంది. ఆ కంగారులో నేను చేసిన రెండో తప్పు, వెనకవైపు మెత్తటి గుడ్డతో అద్దడం. గుడ్డకి ఒక బాతు సగం వచ్చేసింది. ఆ గుడ్డ మడిచి ఇప్పటికీ దాచి ఉంచాను. మరమ్మతు చేసే ఆవిడ మిగిలిన రంగుని నిలబెట్టగలిగింది కానీ ఆ బాతుని తిరిగి తేలేకపోయింది.

కాబట్టి హీటరు దగ్గరా, వంటగదిలో, చెమ్మపట్టే బయటి గోడకీ, ఎండ పడేచోటా వద్దు. వెనకవైపు ఎప్పుడూ తుడవకండి. ముందువైపు కూడా గాజు క్లీనర్ నేరుగా కొట్టకండి, ధార కారి అంచుల్లోంచి రంగులోకి దిగుతుంది. గుడ్డని కొంచెం తడిపి తుడిస్తే చాలు. వెనక అట్ట రంగుకి తగలకుండా చిన్న ఎడం ఉండేలా ఫ్రేము కట్టించుకోండి. ఊరు దాటించేటప్పుడు ముందువైపు గాజు మీద మాత్రమే అడ్డదిడ్డంగా టేపు వేసి, పలకని పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టి తీసుకెళ్ళండి. ఖర్మ కొద్దీ పగిలితే జిగురు జోలికి పోకుండా, ముక్కలన్నీ రంగు వైపు పైకి ఉండేలా ట్రేలో పరిచి, రాలిన పెచ్చులు కూడా పోగేసి మరమ్మతు చేసేవాళ్ళకి ఇవ్వండి.

మళ్ళీ మీ చిత్రం దగ్గరికి వస్తాను. అమ్మేవాణ్ణి మూడు అడగండి: పూర్తి పేరు, సంవత్సరం, అట్ట తీసి పగటి వెలుతురులో తీసిన వెనకవైపు ఫోటో. ఫోటో పంపనంటే వదిలేయండి. పంపితే ఇక్కడ పెట్టండి, ఏ పొర మీద ఏ పొర ఉందో నాకు కనిపించినంతవరకు చెప్తాను.