‘ప’తో నలభై ప్రశ్నలు వేస్తున్న మా అబ్బాయికి

నాన్నా,

పిల్లలకి క్విజ్ పెడుతున్నావనీ, నలభై జవాబులూ ‘ప’ అక్షరంతోనే మొదలవుతాయనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! కానీ ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను.

ముందు చిన్నచిన్నవి. ‘ప’ గుణింతం మొత్తం వస్తుందా, ప్లాటినం, ప్రోటాన్ లాంటి ఒత్తుల మాటలు కూడా వస్తాయా అన్నది మొదట్లోనే చెప్పెయ్. ఫాస్ఫరస్ జోలికి వెళ్లకు, ఒత్తు ‘ఫ’ వేరే అక్షరం. పొటాషియం పేరు అడుగు, సంకేతం అడగకు. అది ‘కె’ కాబట్టి పిల్లలు తికమకపడతారు. పసిఫిక్, పెంగ్విన్ అందరికీ వచ్చినవే. పగడం మాత్రం తప్పకుండా పెట్టు. చూడ్డానికి చెట్టుకొమ్మలా ఉంటుంది, కానీ అది సన్నసన్న జీవులు కలిసి కట్టుకున్న సున్నపు గూడు. ఆ మాట చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడు. అది చూడ్డానికే నేను ఇన్నేళ్లు క్విజ్‌లు పెట్టాను.

ఇక అసలు సంగతి. 1988లో నేనూ ఇలాగే ‘ప’ రౌండ్ పెట్టాను. "ఇప్పుడు సూర్యుడికి అన్నిటికన్నా దూరంగా ఉన్న గ్రహం ఏది?" అని అడిగాను. కార్డు మీద ప్లూటో అని రాసుకున్నాను. 2006 దాకా అది గ్రహమే కదా. వెనక బెంచీలోంచి ఒక పాప లేచి "నెప్ట్యూన్ అండీ" అంది. "నేనడిగింది ‘ప’తో కదమ్మా, వినకుండానే లేస్తే ఎలా?" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. "ఇప్పుడు మాత్రం నెప్ట్యూనే అండీ" అని మెల్లిగా అంది. నేనప్పటికే పక్క జట్టు వైపు తిరిగిపోయాను. ఆ పాప కూర్చుని పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉండిపోయింది. వేళ్లకి సిరా మరకలు. క్విజ్ అయ్యేదాకా మళ్లీ చెయ్యెత్తలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక పత్రికలో చదివాను. ప్లూటో సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు 248 ఏళ్లు పడుతుందట. దాని దారి బాగా సాగినట్టు ఉంటుంది కాబట్టి, ఆ తిరుగుడులో ఇరవై ఏళ్లపాటు నెప్ట్యూన్ కన్నా సూర్యుడికి దగ్గరగా వస్తుంది. సరిగ్గా 1979 నుంచి 1999 దాకా అదే జరిగింది. అంటే ఆ రోజు హాల్లో నిజం తెలిసింది ఆ పాప ఒక్కదానికే. వెతికాను, కానీ వాళ్లు అప్పటికే ఊరు మారిపోయారు. తప్పు నాదని ఆ పాపకి చెప్పలేకపోయాను. ఇన్నేళ్లయినా ఆ పెన్ను మూత చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు.

అక్షరం మనల్ని పడేసేది ఇక్కడే నాన్నా. జవాబు ‘ప’తో కుదిరిందన్న సంబరంలో ప్రశ్న సరిగా ఉందో లేదో చూసుకోం. "మామూలు వేడిలో ద్రవంగా ఉండే మూలకం" అంటే పాదరసం ఒక్కటే కాదు, బ్రోమిన్ కూడా ఉంది. "లోహం" అన్న మాట కలిపితే ఆ గొడవ ఉండదు. నీకేమో తొందరెక్కువ. చిన్నప్పుడు లెక్క సగం చదివి జవాబు రాసేసి, తప్పైతే నా ఒళ్లోకొచ్చి ఏడ్చేవాడివి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏ పిల్లయినా వేరే అక్షరంతో జవాబు చెబితే, నవ్వు మొదలయ్యేలోపే "ఎందుకమ్మా?" అని అడుగు. ఒక్క నిమిషం పోతే పోనీ. అప్పటికప్పుడు తేలకపోతే ఆ పాయింట్ ఆపి పెట్టు, కనుక్కుని మర్నాడు అందరి ముందూ చెప్పు.

నలభై ప్రశ్నలూ ముందు నాకు పంపు. ఒక్కోదానికి ఇంకో జవాబు ఏమైనా ఉందేమో కూర్చుని వెతుకుతాను. నాకిప్పుడు తీరికే.

ప్రేమతో,
పెద్దమ్మ