నలభై డాలర్ల ఉడుము పిల్లకు ఇల్లు అమర్చాలంటే ఎంత కావాలి?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. నేను హెచ్-1బీ వీసాపై ఉద్యోగం చేస్తున్నాను. పద్నాలుగేళ్ల మా అబ్బాయి ఉడుము పిల్లను పెంచుకుంటానని ఏడాదిగా అడుగుతున్నాడు. ఆర్లింగ్టన్‌లో జరిగిన సరీసృపాల ప్రదర్శనలో సవానా మానిటర్ అనే ఉడుము జాతి పిల్ల 40 డాలర్లకే కనిపించింది. గాజు తొట్టి, దీపం, అడుగున పరిచే బెరడు ముక్కలు కలిపి 260 డాలర్ల సెట్టును వడ్డీ లేని నాలుగు వాయిదాల్లో ఇస్తామని ఒక దుకాణం వారు అన్నారు. మా అత్యవసర నిధిలో 9,000 డాలర్లు ఉన్నాయి; క్రెడిట్ కార్డుపై 24 శాతం వడ్డీతో 3,200 డాలర్ల బాకీ ఉంది. నాలుగేళ్ల పాప కూడా ఉంది. ఇప్పుడు కొనవచ్చా? ఇండియాకు తిరిగి వెళ్లవలసి వస్తే దాన్ని వెంట తీసుకెళ్లగలమా?

జవాబు: ఆ సెట్టును వాయిదాల్లోనే కాదు, నగదుతో కూడా కొనవద్దని నా సలహా. వడ్డీ లేని వాయిదాలతో నాకు పేచీ లేదు. ఆ 260 డాలర్లతో వచ్చే తొట్టి మీరు కొనబోయే జంతువుకు పనికిరాదన్నదే నా అభ్యంతరం. చారాణా కోడికి బారాణా మసాలా అని మనవాళ్లు వెక్కిరిస్తారు గానీ, ఉడుము విషయంలో ఆ మసాలాయే అసలు ఖర్చు, కోడి ధర లెక్కలోకి కూడా రాదు.

సవానా మానిటర్ పశ్చిమ ఆఫ్రికా గడ్డి భూముల జీవి. అమెరికా మార్కెట్‌కు వచ్చే పిల్లల్లో అధిక భాగం ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి దిగుమతి అయినవే కాబట్టి ధర అంత తక్కువగా ఉంటుంది. ప్రయాణంలో నీరసించి, కడుపులో పురుగులతో వచ్చే పిల్లలూ ఎక్కువే. అరచేతిలో ఇమిడే ఆ పిల్ల మంచి తిండి, వేడి దొరికితే తొలి ఏడాదిలోనే రెండడుగులు దాటగలదు, పెద్దయ్యాక మూడు నుంచి నాలుగు అడుగులకు చేరుతుంది. అప్పుడు దానికి కనీసం ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు ఉన్న మూసిన పెట్టె కావాలి. అందులో రెండడుగుల లోతున, బొరియ తవ్వితే కూలిపోని విధంగా, మట్టీ ఇసుకా కలిపి తేమగా నింపాలి. ఈ లోతు అలంకారం కోసం కాదు. ఎండ కాగే నేలపై బతికే ఈ జీవి ఒంట్లో నీటిని కాపాడుకునేది తేమ గల బొరియలోకి దిగడం ద్వారానే. పైన జాలీ మూత ఉన్న గాజు తొట్టిలో, బెరడు ముక్కల మీద, దీపం వేడికి గాలి పొడిబారి, జంతువు నెలల తరబడి కొద్దికొద్దిగా ఎండిపోతుంది. ఆ నష్టం మూత్రపిండాల జబ్బుగా బయటపడే నాటికి వైద్యుడి బిల్లు తొట్టి ధరను ఎప్పుడో దాటి ఉంటుంది.

మీ ఇంటికి సంబంధించి మరో చిక్కు ఉంది. ఆ పెట్టెలో పట్టే మట్టి 64 ఘనపుటడుగులు. తేమ మట్టి ఘనపుటడుగుకు 80 పౌండ్లని తక్కువలో తక్కువ వేసుకున్నా 5,000 పౌండ్లు దాటుతుంది, అంటే నేలపై చదరపుటడుగుకు 160 పౌండ్ల బరువు. అమెరికాలో నివాస గృహాల అంతస్తులను సాధారణంగా చదరపుటడుగుకు 40 పౌండ్ల వాడుక భారానికి రూపొందిస్తారు. కాబట్టి రెండో అంతస్తులో సవానా మానిటర్‌కు సరైన ఇల్లు అమర్చడం డబ్బుతో తేలే విషయం కాదు, నేల మీద నేరుగా కాంక్రీటు పోసిన ఇంటికి మారేదాకా ఆ ఆలోచనను పక్కన పెట్టవలసిందే.

మారిన తరువాత అయినా ఖర్చు ఎంతవుతుందో చూడండి. ఇక్కడి ధరలన్నీ నా అంచనాలు, మీ ప్రాంతంలో కొంత అటూ ఇటూ ఉండవచ్చు. ప్లైవుడ్‌తో మీరే కట్టి, లోపల నీరు పట్టని పూత వేసుకుంటే పెట్టెకు 800 డాలర్లు. తయారైనది కొంటే దానికి రెట్టింపు పైమాటే. హాలోజన్ దీపాలు, అతినీలలోహిత కాంతినిచ్చే యూవీబీ ట్యూబు, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, ఉపరితల వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కలిపి 300. మట్టి, ఇసుక బస్తాలకు మరో 300. మొదటి వైద్య పరీక్షకు, పురుగుల పరీక్షకు 200. కరెంటు సంగతి చాలామంది మరిచిపోతారు: 90 వాట్ల దీపాలు మూడింటిని రోజుకు 12 గంటలు వెలిగిస్తే నెలకు 97 యూనిట్లు, యూవీబీ ట్యూబుకు మరో 20 యూనిట్లు అవుతాయి. యూనిట్‌కు 15 సెంట్లు వేసుకుంటే దాదాపు 18 డాలర్లు. చలికాలపు రాత్రి వేడి కూడా కలిపి ఏడాదికి 300 అనుకుందాం. ఒకే దీపం చాలదా అని మీకు అనిపించవచ్చు. చాలదు; ఒక్క దీపం వెన్నుపై ఒక చోటే కాలుస్తుంది, శరీరమంతా కాగాలంటే దీపాలు వరుసగా ఉండాలి, వాటి కింద రాయి ఉపరితలం 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడెక్కాలి, అదే పెట్టె రెండో కొస 80 డిగ్రీలలోపు చల్లగా ఉండాలి. తిండికి, అంటే డూబియా బొద్దింకలు, కీచురాళ్లు, కాల్షియం పొడికి, నెలకు 50 చొప్పున ఏడాదికి 600. ఎలుకలు పెట్టి చౌకగా పెంచవచ్చని చెప్పేవారి మాట వినకండి, ఎక్కువగా కీటకాలే తినే ఈ జీవికి కొవ్వు పట్టి కాలేయం దెబ్బతినే దారి అదే.

పిల్ల ధర వదిలేస్తేనే మొదటి ఏడాది 2,500 డాలర్లు అయింది. తరువాత బల్బుల మార్పిడి, వైద్యం కలుపుకుని ఏటా 1,150 అవుతుంది. ఇది సరిగ్గా పెంచితే 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. 12 ఏళ్లకు లెక్క వేస్తే 15,000 డాలర్లు దాటుతుంది. మీ అబ్బాయి నాలుగేళ్లలో కాలేజీకి వెళ్తాడు, హాస్టల్ గదిలో దీన్ని ఉండనివ్వరు. మిగిలిన ఏళ్ల ఖర్చు, రోజువారీ చాకిరీ మీ దంపతులవే. ఎవరికైనా ఇచ్చేద్దామన్నా పెద్ద సవానా మానిటర్‌ను తీసుకునేవారు దొరకడం కష్టం.

అబ్బాయి కోరిక నిజమైనదైతే, నేను ఖరీదైన పిల్లనే సూచిస్తాను. ఆకీ మానిటర్ ఆస్ట్రేలియాకు చెందిన చిన్న ఉడుము జాతి. ఆ దేశం తన వన్యప్రాణులను వ్యాపారానికి ఎగుమతి చేయనివ్వదు కాబట్టి, ఇక్కడ అమ్మేవి సాధారణంగా పెంపకందారుల దగ్గర పుట్టిన పిల్లలే. ధర 400 డాలర్లు, సవానా పిల్లకు పది రెట్లు. కానీ పెద్దయినా రెండడుగులకు అటూ ఇటూగానే ఉంటుంది, కనీసం నాలుగు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పీవీసీ పెట్టె దానికి జీవితాంతం సరిపోతుంది. పెట్టెకు 400, దీపాలకు 200, అడుగు లోతు మట్టికి 40, వైద్యానికి 150, తిండికి 240, కరెంటుకు 120 కలిపితే పిల్ల ధరతో సహా మొదటి ఏడాది 1,550 డాలర్లు. తరువాత ఏటా 590. అవే 12 ఏళ్లకు దాదాపు 8,000 డాలర్లు, అంటే చౌక పిల్లకు అయ్యేదానిలో సుమారు సగం. మట్టి బరువు 640 పౌండ్లు, అది 75 గ్యాలన్ల చేపల తొట్టి బరువు కన్నా తక్కువే. అయినా గోడ వారగా పెట్టి, అపార్ట్‌మెంట్ యాజమాన్యం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. లీజులో సరీసృపాల నిషేధం ఉందేమో, నగర నిబంధనలు ఏమంటున్నాయో, మీ రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెదారుల బీమా) అరుదైన జంతువుల వల్ల కలిగే బాధ్యతను మినహాయించిందేమో కూడా చూసుకోండి.

ఆకీ అయినా ఈ ఏడాది కొనవద్దు. సరీసృపాల నుంచి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకే ప్రమాదం ఉన్నందున ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వాటిని పెంచవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సూచిస్తోంది. పాపకు ఐదేళ్లు నిండేదాకా ఆగడం మీ డబ్బుకు కూడా మేలే చేస్తుంది. కార్డు బాకీపై నెలకు 64 డాలర్ల వడ్డీ పోతోంది, అది తీరాక ఆ మొత్తమే ఉడుము నిర్వహణకు సరిపోతుంది. అత్యవసర నిధిని మాత్రం ముట్టవద్దు. హెచ్-1బీ ఉద్యోగం పోతే మరో ఉద్యోగం చూసుకోవడానికో, దేశం విడవడానికో సాధారణంగా గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది, ఆ 9,000 డాలర్లు అందుకే. వేరే పొదుపు ఖాతా తెరిచి, కార్డు తీరిన నెల నుంచి 150 డాలర్ల చొప్పున 12 నెలలు వేస్తే 1,800 అవుతాయి. అందులో పిల్ల, పెట్టె, దీపాలు, మట్టి, తొలి పరీక్షలకు 1,190 పోను, మిగిలిన 610ని వైద్య నిధిగా ఉంచండి. పిల్ల రాకముందే సరీసృపాలను చూసే వైద్యుడు మీకు ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకోండి. ఏఆర్ఏవీ అనే పశువైద్యుల సంఘం జాబితాలో వెతకవచ్చు.

ఇండియాకు వెంట తీసుకెళ్లే మాట మరచిపోండి. నివాసం మార్చుకుని వచ్చేవారు సామానుతో పాటు తెచ్చుకోగల పెంపుడు జంతువులు కుక్కలు, పిల్లులు మాత్రమే. అక్కడికి వెళ్లాక మన ఉడుమునే పెంచుదామంటే అది ఇంకా పెద్ద తప్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది, దాన్ని పట్టి పెంచితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. వెళ్లిపోవలసి వస్తే ఆకీని ఎవరికి అప్పగిస్తారో కొనే రోజే పెంపకందారుతో మాట్లాడి పెట్టుకోండి.

డబ్బు సిద్ధమయ్యాక కూడా ముందు పెట్టె, మట్టి, దీపాలే కొని, రెండు వారాలు ఖాళీగా నడపండి. దీపం కింది వేడిని, చల్లని కొస వేడిని, మట్టిలోని తేమను రోజుకు రెండుసార్లు మీ అబ్బాయి చేత పుస్తకంలో రాయించండి. ఆ అంకెలు నిలకడగా వచ్చాకే పిల్లకు బయానా కట్టండి.