నాన్నగారి మంచం పక్కకు వచ్చిన చాప్లెయిన్

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. క్యాన్సర్ ముదిరిందని, ఇక కీమోథెరపీ వల్ల ప్రయోజనం లేదని పక్క రాష్ట్రంలోని ఒక ఆసుపత్రి వైద్యులు మాకు చెప్పారు. ఆయనకు మేము చెప్పలేదు. అక్కడి చాప్లెయిన్ ఒకరు వచ్చి గంటసేపు మాట్లాడి వెళ్లాక నాన్నగారు కన్నీళ్లు పెట్టుకున్నారు. మతం మార్చడానికే వచ్చాడని మా అన్నయ్యకు కోపం. వచ్చే నెల వెంటిలేటర్ విషయం మాట్లాడేటప్పుడు కూడా ఆయన ఉంటారట. అక్కడ ఆయనకేం పని?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: రోగికీ, కుటుంబానికీ ఆధ్యాత్మికంగా అండగా ఉండడానికి ఆసుపత్రి నియమించుకున్న వ్యక్తి చాప్లెయిన్. ఆ పదం క్రైస్తవ సంప్రదాయం నుంచి వచ్చింది కనుక మీ అన్నగారి అనుమానం వింతేమీ కాదు. అయితే రోగిపై తన మతాన్ని రుద్దకూడదన్నది ఆ వృత్తికి ముఖ్యమైన కట్టుబాటు. అది తప్పినట్లు తోస్తే మీరు నిస్సంకోచంగా ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఆయనను మళ్లీ రమ్మనాలా, వద్దనాలా అన్నది తేల్చవలసింది నాన్నగారే, అన్నగారు కాదు.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌ను (చివరి దశలోని రోగులను చూసుకునే చోటును) ప్రారంభించిన సిసిలీ సాండర్స్, మరణానికి చేరువైనవారి బాధలో శరీరపు నొప్పితో పాటు మనసుదీ, కుటుంబానిదీ, ఆధ్యాత్మికమైనదీ కలగలిసి ఉంటాయని చెప్పారు. ఈ చివరిది ఎలా ఉంటుందో తిరుపతి వారికి వేరే చెప్పాలా? ఎప్పుడో మొక్కుకున్న తలనీలాలు ఇవ్వలేదని, స్వామి అందుకే ఈ జబ్బు ఇచ్చాడని లోలోపల కుమిలిపోయే పెద్దలు మనలో ఉన్నారు. ఆ మాట డాక్టరుతో అనరు, కన్నబిడ్డలతో అసలే అనరు. ‘దేని గురించి దిగులుపడుతున్నారు?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరకే కూర్చోగలిగిన మనిషి దగ్గర అది బయటపడుతుంది. అందువల్ల నాన్నగారి కన్నీళ్లను చూసి హాని జరిగిందనుకోకండి. మీరు దాస్తున్న సంగతి ఆయనకు ఇప్పటికే తెలిసి, మీరు తట్టుకోలేరని ఆయనా దాస్తూ ఉండవచ్చు.

ఇక వెంటిలేటర్ సంగతి. దానివల్ల ఎంత మేలు, ఎంత బాధ అన్నది వైద్యులే చెప్పాలి. చాప్లెయిన్ అందులో తలదూర్చకూడదు. ‘వద్దంటే నాన్నను మనమే చంపుకున్నట్లవుతుందా?’ అన్న ప్రశ్న మీ ఇంట్లో తప్పక వస్తుంది. అది మందులకు సంబంధించిన ప్రశ్న కాదు కనుక, అక్కడ ఆయన అవసరం ఉంది. నాన్నగారు స్పృహలో ఉన్నారు కాబట్టి, తన జబ్బు సంగతి వినడానికి ఇష్టమేనా అని ముందు కనుక్కుని, ఆయన కోరికను ఆయననే అడగండి. అలాంటి కోరికను ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. ఇద్దరు సాక్షుల సంతకాలతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలునని 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది.

మన సంప్రదాయం తెలిసినవారే కావాలని నాన్నగారు అంటే, ఆయనకు నమ్మకమున్న పురోహితుణ్ణి పిలవండి. కాకపోతే రాగానే ఉపన్యాసం అందుకునేవారు వద్దు. ఏడు రోజుల్లో పోతానని తెలిసిన పరీక్షిత్తు, చావు దగ్గరపడినవాడు ఏం చేయాలని తానే అడిగాకనే కదా శుకుడు నోరు విప్పింది! మరొక్క జాగ్రత్త: మింగడం కష్టమైన రోగికి తులసి తీర్థం గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నర్సును అడిగి, దూదితో పెదవులు తడపండి.