మాంసం మానేసిన కూతురు, మనసు నొచ్చుకున్న నాయనమ్మ

ప్రశ్న: మాది మెదక్ ప్రాంతం. మూడు తరాలుగా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో ఉన్నాము. మా అమ్మాయి పశువైద్యం మూడో సంవత్సరం చదువుతోంది. శిక్షణ కోసం ఒక గుడ్ల కోళ్ల ఫారానికి వెళ్లి వచ్చాక మాంసం, చేపలు, గుడ్లు మానేసింది. పాలు, పెరుగు మాత్రం తీసుకుంటోంది. క్రిస్మస్ రోజు భోజనాల దగ్గర "మీ పళ్లాల్లో ఉన్నది హత్య" అనేసి లేచి వెళ్లిపోయింది. మావారు సంఘపెద్ద. ఇది దేవుని వాక్యానికి ఎదురు తిరగడమేననీ, జైనుల పద్ధతి మన ఇంట్లోకి వచ్చిందనీ అంటూ ఆమెతో మాట్లాడటం మానేశారు. మా అత్తగారైతే "మనం తినేది చూసి ఊరోళ్లు ముక్కు మూసుకునేటోళ్లు, ఇప్పుడు నా మనవరాలే మూసుకుంటోంది" అని ఏడ్చారు. వచ్చే నెల ఆమె ఎనభయ్యో పుట్టినరోజుకు కృతజ్ఞత కూడిక పెట్టి పొట్టేలు కోయాలనుకుంటున్నాము. అమ్మాయి రానంటోంది. ఆమె చేస్తున్నది విశ్వాసానికి విరుద్ధమా? నేను ఎవరి పక్షాన నిలబడాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మాంసం తినడం పాపమా అన్నది ఒకటి, పశుపక్ష్యాదుల పట్ల మనకు బాధ్యత ఉందా అన్నది మరొకటి. మీ వారు మొదటి ప్రశ్నకు సరైన జవాబు చెబుతూ రెండో ప్రశ్న లేదనుకుంటున్నారు; మీ అమ్మాయి రెండో ప్రశ్నకు సరైన జవాబు చెబుతూ మొదటిదానికి కూడా అదే తీర్పు చాలుననుకుంటోంది.

మాంసాహారాన్ని బైబిలు నిషేధించలేదు. జలప్రళయం తరువాత నోవహుకు ఆ అనుమతి ఇచ్చినట్టు ఆదికాండము 9వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. పునరుత్థానుడైన యేసు శిష్యుల ఎదుట కాల్చిన చేపను తిన్నట్టు లూకా రాశాడు. కాబట్టి "హత్య" అన్న మాట లేఖనాల ఆధారంతో నిలవదు. అయితే అదే ఆదికాండము మొదటి అధ్యాయంలో, జీవులన్నిటినీ ఏలుమని మనిషికి చెప్పిన వెంటనే, ఆ తరువాతి వచనంలోనే విత్తనాలిచ్చే మొక్కలనూ పండ్ల చెట్లనూ ఆహారంగా ఇచ్చినట్టు ఉంది. ఏలుబడి అప్పగించిన రోజున మాంసం ప్రస్తావన లేదు. 9వ అధ్యాయంలో అనుమతి ఇచ్చిన వెంటనే రక్తంతో తినకూడదన్న హద్దు పెట్టడం, ఆ తరువాత నోవహు సంతతితోనే గాక ఓడలోనుంచి బయటికి వచ్చిన ప్రతి జంతువుతోనూ దేవుడు నిబంధన (ఒడంబడిక) చేయడం కూడా మీ వారికి తెలియని విషయాలు కావు.

ఇక రెండో ప్రశ్నకు లేఖనాలలో జవాబులు కావలసినన్ని ఉన్నాయి. విశ్రాంతి దినం ఎద్దుకూ గాడిదకూ వర్తిస్తుంది. పగవాడి గాడిద బరువు కింద పడిపోతే దాటి వెళ్లకుండా లేవనెత్తమని నిర్గమకాండము ఆజ్ఞాపిస్తుంది. కళ్లం తొక్కుతున్న ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదు. నీనెవె పట్టణం మీద కోపం చల్లారని యోనా ప్రవక్తతో దేవుడు చెప్పిన చివరి మాటలో లక్షా ఇరవై వేల మందికి పైగా మనుషులతో పాటు పశువులు కూడా లెక్కలోకి వచ్చాయి. పిచ్చుకలకంటే మీరు శ్రేష్ఠులని యేసు అన్నది నిజమే, కానీ ఆ పిచ్చుకలలో ఒక్కటైనా తండ్రికి తెలియకుండా నేల రాలదని చెప్పిన తరువాతే ఆ మాట అన్నాడు.

మీ వారు బహుశా మొదటి తిమోతి పత్రిక 4వ అధ్యాయాన్ని ఎత్తి చూపుతూ ఉండవచ్చు. అక్కడి హెచ్చరిక, కొన్ని ఆహారాలను మానాలని ఇతరులకు ఆజ్ఞాపించేవారి గురించి. మీ అమ్మాయి తనంతట తాను మానుకున్నంత వరకు అది ఆమెకు తగలదు. క్రిస్మస్ రోజు అన్న మాటకు మాత్రం తగులుతుంది. రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదనీ, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదనీ పౌలు ఇద్దరినీ ఒకే వచనంలో ఆపాడు. కూరగాయలు తినేవాణ్ణి అక్కడే బలహీనుడన్నాడు కదా అని వాదించేవారు ఉంటారు. ఆ బలహీనత తినే పదార్థం అపవిత్రమేమో అన్న భయానికి సంబంధించినది. మీ అమ్మాయికి మాంసం అపవిత్రమన్న భయం లేదు. ఒక కాగితమంత చోటు కూడా దక్కని ఇనుప గూళ్లలో ముక్కులు కత్తిరించిన కోళ్లను ఆమె చూసింది, గుడ్లు పెట్టవు గనుక మగ కోడిపిల్లలను పుట్టిన రోజే చంపేస్తారని తెలుసుకుంది. పశువైద్యం చదివే మనిషికి అది చూసి నిద్ర పట్టకపోతే, ఆ చదువు ఆమెకు వంటబట్టిందనే నేను అనుకుంటాను.

జైనుల పద్ధతి అన్న మాటకు ఒక చిన్న జవాబు. 1824లో లండన్‌లో జంతుహింస నివారణ సంఘం మొదలైనప్పుడు దానికి పూనుకున్నది ఆర్థర్ బ్రూమ్ అనే ఆంగ్లికన్ పాదిరి. బానిస వ్యాపారంపై పోరాడిన విల్బర్‌ఫోర్స్ కూడా అందులో ఉన్నాడు. ఆ సంఘం అప్పులు మీద పడి బ్రూమ్ జైలుకు సైతం వెళ్లాడు. మీ ప్రాంతానికి సువార్త తెచ్చిన వెస్లియన్ మిషనుకు మూలపురుషుడైన జాన్ వెస్లీ, సృష్టి అంతా మూలుగుతున్నదన్న రోమీయుల 8వ అధ్యాయం మీద ప్రసంగిస్తూ రాబోయే విమోచనలో జంతువులకు కూడా భాగం ఉంటుందని చెప్పాడు. ఈ ఆలోచన మీ సంఘానికి పరాయిది కాదు.

అయినా మీ ఇంటి కలత అసలు వాక్యం దగ్గర లేదని నా అభిప్రాయం. మీ అత్తగారు అన్న ఆ ఒక్క మాట మళ్లీ చదవండి. ఏం తింటారో చూసి మనిషిని దూరం పెట్టిన కాలంలో ఆమె పెరిగారు. శాకాహారం ఆమె దృష్టిలో దయకు గుర్తు కాదు, ఊరివారు ఆమె వాళ్లను తక్కువ చేయడానికి వాడిన కొలత. సంఘంలో అందరూ ఒకే పంక్తిలో కూర్చుని ఒకే కూర తినడం ఆమె తరానికి ఎంత పెద్ద విడుదలో మీ అమ్మాయికి ఎవరూ చెప్పి ఉండరు. ఫారంలో తాను చూసినదానికి కోపం తెచ్చుకునే హక్కు ఆమెకు ఉంది, కానీ ఆ కోపాన్ని నాయనమ్మ పళ్లెం మీద చూపించే హక్కు లేదు. కోళ్లను గూళ్లలో కుక్కిన వ్యాపారాన్నీ, పండుగనాడు ఒక ముక్క తిన్న ముసలితల్లినీ ఒకే మాటతో కొట్టడం అన్యాయం.

అందుకని ముందుగా అమ్మాయితో మీరు ఒక్కరే మాట్లాడండి. మానేసినదాన్ని మళ్లీ తినమని అడగవద్దు. ఆ రోజు అన్న మాటకు నాయనమ్మను మాత్రమే క్షమాపణ అడగమనండి. ఆమె చిన్ననాటి సంగతులు ఆమె నోటనే వినమనండి. తాను చూసినది కూడా నాయనమ్మకు చెప్పవచ్చు. పెరట్లో కోళ్లను పెంచిన మనిషికి ఇనుప గూటి కోడి బాధ మీ వారికంటే ముందే అర్థం కావచ్చు.

కూడిక నాయనమ్మది గనుక పొట్టేలు సంగతి ఆమె ఇష్టానికే వదలండి. అమ్మాయిని ప్రార్థనకూ భోజనానికీ రమ్మనండి, కోసే చోటికి రావలసిన పని లేదు. పప్పు, కూర, పెరుగన్నం ప్రత్యేకంగా ఒక మూలన కాకుండా అందరి వరుసలోనే వడ్డించండి. బంధువులెవరైనా హాస్యమాడితే ఆమె జవాబు చెప్పేలోపు మీరే చెప్పండి. ఎవరి పక్షాన నిలబడాలని అడిగారు. ఆ పూట మీరు నిలబడవలసిన చోటు అదే.

మీ వారికి నేరుగా వాదన వినిపించడం కంటే ఒక పని అప్పగించడం మేలు. కోతకాల పండుగకు విశ్వాసులు తెచ్చే కోళ్లు, కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడుతూ వేలం పాట ముగిసేదాకా నీళ్లు లేక ఎండలో ఉండటం చాలా సంఘాలలో కనిపించేదే. ఆహారం కోసం కోయడాన్ని నిషేధించని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా ఇలాంటి అనవసరపు బాధను తప్పంటుంది. గంపలు, నీడ, నీళ్లు ఏర్పాటు చేయించడం సంఘపెద్ద ఒక్క మాటతో చేయగల పని. ఎలా చేయాలో చెప్పడానికి ఆయన ఇంట్లోనే కాబోయే పశువైద్యురాలు ఉంది. ఆ సలహా అడగడానికైనా ఆయన ఆమెతో మాట్లాడవలసి ఉంటుంది.