‘బీరే కదా’ అని ఫారంలో రాయకండి

ప్రశ్న: నా వయసు 38. ప్రైవేటు ఉద్యోగం. వారానికి నాలుగు పెద్ద బీర్లు తాగుతాను, 8 శాతం స్ట్రాంగ్ రకం. విస్కీ, బ్రాందీ ముట్టను. బీరుకి జీతంలో 3 శాతం పోతుందనుకుంటా. మానేసి ఆ డబ్బు ఇన్వెస్ట్ చేస్తే చెప్పుకోదగ్గ మొత్తం అవుతుందా? టర్మ్ పాలసీ ఫారంలో మద్యం అలవాటు గురించి అడిగితే, బీరే కదా అని ‘అప్పుడప్పుడు’ అని రాశాను. ఇంకా పంపలేదు. మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ జత చేస్తున్నాను.

జవాబు: మీరు రెండోగా చెప్పిన ఫారం సంగతితోనే మొదలుపెడతాను. నష్టం ఎక్కువగా ఉన్నది అక్కడే.

650 మి.లీ. సీసాలో 8 శాతం అంటే 52 మి.లీ. ఆల్కహాల్, తూకంలో దాదాపు 41 గ్రాములు. 30 మి.లీ. విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. అంటే మీ సీసా ఒక్కోటీ నాలుగు పెగ్గులు, వారానికి పదహారు. బ్రిటన్ ప్రభుత్వం పెద్దవాళ్లకి ఇచ్చే సలహా వారానికి 14 యూనిట్లు, అంటే 112 గ్రాములు దాటొద్దని. మీరు 160 దాటారు. చల్లగా నురగతో గొంతు దిగుతుంది కాబట్టి తేలిక అనిపిస్తుంది గానీ, కాలేయం దాన్ని విస్కీలాగే అరిగించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ (IARC) మద్య పానీయాలన్నిటినీ క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది 1988లోనే. బీరుకి అక్కడ మినహాయింపేమీ లేదు. పైగా యూరిక్ యాసిడ్ పెరిగి గౌట్ (కీళ్లు వాచి నొప్పి పుట్టే జబ్బు) వచ్చే ముప్పు బీరుతో ఇంకాస్త ఎక్కువ. వారానికి వెయ్యికి పైగా కేలరీలు ఆల్కహాల్ నుంచే వస్తాయి, పొట్ట సంగతి వేరే చెప్పక్కర్లేదు.

బీమా కంపెనీ చూసేదీ ఈ పరిమాణాన్నే. నిజం రాస్తే రక్త పరీక్షలు అడగొచ్చు, ప్రీమియం కొంచెం పెంచొచ్చు. అబద్ధం రాస్తే ఇవాళ చవగ్గానే పాలసీ వస్తుంది. కానీ మీరు లేని రోజున, పాత ఆసుపత్రి కాగితాల్లో డాక్టర్ రాసిన ‘మద్యం అలవాటు ఉంది’ అన్న ఒక్క ముక్క పట్టుకుని క్లెయిమ్ ఆపితే, సమాధానం చెప్పుకోవాల్సింది మీ ఇంట్లోవాళ్లు. హెల్త్ పాలసీ ఉంటే అదీ ఒకసారి తీసి చదవండి. మద్యం వ్యసనానికి చేసే చికిత్స ఖర్చు చాలా పాలసీలు ఇవ్వవు.

ఇక డబ్బు. మీరు 3 శాతం అన్నారు. స్టేట్‌మెంట్ కూడితే 6 దాకా తేలింది. శనివారాలు చూడండి: రాత్రి ఏడున్నరకి ఒక ఎంట్రీ, తొమ్మిది దాటాక దానికంటే పెద్దది ఇంకొకటి, పన్నెండు తర్వాత క్యాబ్. మీరు లెక్కేసుకున్నది మొదటి ఎంట్రీని మాత్రమే. రెండోదాంట్లో స్నేహితుల బిల్లు కూడా ఉన్నట్టుంది, తాగాక చెయ్యి ధారాళమవడం మామూలే.

నెలనెలా జీతంలో 6 శాతం చొప్పున 15 ఏళ్లు దాస్తే, జీతం పెరగదనే అనుకున్నా, మీరు వేసేది దాదాపు 11 నెలల జీతం. ఏటా 8 శాతం వస్తే అది సుమారు 21 నెలల జీతం అవుతుంది. 8 శాతం నేను లెక్క కోసం అనుకున్నదే, హామీ కాదు. ఇల్లు కొనేంత కాదు గానీ, ఉద్యోగం పోతే ఏడాదిన్నర టెన్షన్ లేకుండా ఉండొచ్చు.

అయితే మానేసినంత మాత్రాన డబ్బు మిగలదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి సిగరెట్ డబ్బో బీరు డబ్బో మూడో నెలకల్లా కొత్త ఫోన్ కిస్తీగా మారిపోయింది. జీతం పడిన మర్నాడే ఆటో డెబిట్ పెట్టండి. మొదటి నెల సగానికే, అంటే 3 శాతానికి పెట్టండి. పూర్తిగా మానడమా, తగ్గించడమా అన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి. ఒకవేళ నాకు చెప్పినదానికంటే ఎక్కువగా, రోజూ తాగుతుంటే మాత్రం ఉన్నట్టుండి ఆపొద్దు, వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదముంది.

ముందు ఆ ఫారం తియ్యండి. ‘అప్పుడప్పుడు’ కొట్టేసి, ‘8 శాతం బీరు, వారానికి 2,600 మి.లీ.’ అని రాసి పంపండి.